ఆర్గన్ మాడ్యూల్ చేతికొచ్చింది, కానీ ఆ పాత పెట్టె శబ్దం రావడం లేదు. లోపం ఎక్కడ?

మెట్లమీద_వేళ్ళు (కొత్త సభ్యుడు), రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పదేళ్ళుగా పియానో వాయిస్తున్నాను. ఆర్గన్ మీద మనసు పడింది ఈ మధ్యే. టోన్‌వీల్ ఆర్గన్ (తిరిగే పళ్ళ చక్రాలతో స్వరాలు పుట్టించే పాత హామండ్ లాంటిది) శబ్దాన్ని తిరిగి పుట్టించే మాడ్యూల్ (మెట్లు లేని శబ్దపు పెట్టె) ఒకటి సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, నా 61 మెట్ల కంట్రోలర్ కీబోర్డుకి మిడి తీగతో (ఏ మెట్టు నొక్కానో మాడ్యూల్‌కి చెప్పే తీగ) కలిపాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, తప్పు నా వైపే ఉండొచ్చు.

పాత రికార్డింగుల్లో వినిపించే ఆ గర్జన, ఆ ఏడుపు నాకు ఎంత ప్రయత్నించినా రావడం లేదు. శుభ్రంగా, చదునుగా, బొమ్మ కీబోర్డులా వినిపిస్తోంది. డ్రాబార్లు (ఒక్కో స్వరపు పొరని 0 నుంచి 8 దాకా లాగి పెంచే తొమ్మిది కడ్డీలు) 888000000. పర్కషన్ (స్వరం మొదట్లో వచ్చే చిన్న 'టక్') ఆన్, మూడో హార్మోనిక్. కోరస్ (స్వరాన్ని అలలాడించే ఎఫెక్ట్) సీ3. తిరిగే స్పీకర్ (లెస్లీ) ఎఫెక్ట్ ఆన్. ఒక్కడినే వాయిస్తే పరవాలేదు, బృందంతో కూర్చుంటే మాత్రం ఎక్కడికో మాయమైపోతోంది.

ఇంకో అనుమానం. పర్కషన్ ఆన్ చేస్తే చివరి డ్రాబార్ (1 అడుగుది; అడుగులు తగ్గినకొద్దీ స్వరం పైది) అసలు పలకడం లేదు. ఆఫ్ చేస్తే పలుకుతోంది. పాత వస్తువు కదా, లోపల ఏదైనా పోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

డ్రాబార్888, రాత్రి 9:40

స్వాగతం. మూడు ప్రశ్నలు. వాల్యూమ్ పెడల్ ఎక్కడ పెట్టారు, మాడ్యూల్ వెనక ఉన్న ఎక్స్‌ప్రెషన్ జాక్‌లోనా, లేక అవుట్‌పుట్‌కీ యాంప్‌కీ మధ్యనా? వినేది ఒక స్పీకర్‌లోనా, రెండింట్లోనా? తిరిగే స్పీకర్‌ని ఎప్పుడూ ఫాస్ట్‌లోనే ఉంచుతున్నారా?

మెట్లమీద_వేళ్ళు, రాత్రి 9:52

పెడల్ అవుట్‌పుట్‌కీ యాంప్‌కీ మధ్య ఉంది. ఒకే స్పీకర్. అవును, ఎప్పుడూ ఫాస్ట్‌లోనే.

పాతపెట్టె_మెకానిక్, రాత్రి 11:05

తమ్ముడూ, ముందు ఆ టెన్షన్ వదిలెయ్. చివరి డ్రాబార్ పలకకపోవడం లోపం కాదు. నీ మాడ్యూల్ తయారు చేసినవాళ్ళు నిజాయతీగా పని చేశారని దానర్థం. 1954లో వచ్చిన హామండ్ బీ-3 ఆర్గన్‌లో ప్రతి మెట్టు కింద తొమ్మిది కాంటాక్టులు ఉంటాయి, డ్రాబార్‌కి ఒకటి చొప్పున. పర్కషన్ పెట్టాలంటే మెట్టు నొక్కిన సంగతి ఆ సర్క్యూట్‌కి తెలియాలి, అందుకు ఇంకో కాంటాక్టు కావాలి. పదో కాంటాక్టు పెట్టకుండా ఉన్నవాటిలో చివరిదాన్నే ఆ పనికి వాడుకున్నారు. అందుకే పర్కషన్ ఆన్‌లో ఉన్నంతసేపు 1 అడుగు డ్రాబార్ మూగబోతుంది. మంచి మాడ్యూళ్ళు ఈ ఇబ్బందిని కూడా ఉన్నది ఉన్నట్టు దించుతాయి. కొన్నిటిలో దీన్ని ఆపేసే సెట్టింగ్ కూడా ఉంటుంది.

పర్కషన్‌లో ఇంకొకటి గమనించు. వేళ్ళన్నీ ఎత్తి మళ్ళీ నొక్కితేనే ఆ 'టక్' వస్తుంది. ఒక్క వేలు మెట్టు మీద మిగిలినా తర్వాతి స్వరానికి రాదు. నువ్వు పియానో వాడివి, స్వరాలు అతికించి వాయించే అలవాటు ఉంటుంది. అందుకే పర్కషన్ మొదటి స్వరానికి వచ్చి తర్వాత పోతోందని అనిపించవచ్చు. విడివిడిగా వాయించి చూడు.

ఇక అసలు సంగతి పెడల్. పాత పెట్టెలో శబ్దం నడిచే దారి ఇది: చక్రాలు, డ్రాబార్లు, వైబ్రాటో, ప్రీయాంప్. ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఉండేది ఆ ప్రీయాంప్‌లోనే. ఆ తర్వాతే లెస్లీ పెట్టెలోని వాల్వ్ యాంప్, చివర తిరిగే హారన్, డ్రమ్. లెస్లీ 122లో యాంప్ 40 వాట్లే. పెడల్ తొక్కినకొద్దీ ఆ వాల్వుల మీద భారం పడి శబ్దం చిరుగుతుంది. పెడల్ వెనక్కి తెస్తే మళ్ళీ తేట పడుతుంది. అంటే ఆర్గన్ వాయించేవాడి కాలు వాల్యూమ్‌తో పాటు శబ్దంలోని కరుకుదనాన్నీ నడుపుతుంది. నీ పెడల్ అన్నిటి తర్వాత ఉంది కాబట్టి నువ్వు ఎంత తొక్కినా అదే శబ్దం పెద్దదవుతుంది తప్ప మారదు. నువ్వు 'చదును' అన్నావే, అది ఇదే.

దాన్ని తీసి మాడ్యూల్ ఎక్స్‌ప్రెషన్ జాక్‌లో పెట్టు. జాక్ లేకపోతే కంట్రోలర్ వెనక పెట్టి సీసీ 11 (ఎక్స్‌ప్రెషన్‌కి వాడే మిడి సందేశం) పంపు. సీసీ 7 పంపకు, అది చాలా వాటిలో చివరి వాల్యూమ్‌కి వెళ్తుంది.

శాంపిల్_సంచి, ఉదయం 7:30

పెడల్ సంగతి ఒప్పుకుంటాను. కానీ ఇంత కష్టపడి మాడ్యూల్ ఎందుకని నా ప్రశ్న. ఇప్పుడు మెమరీ చవక. మంచి స్థితిలో ఉన్న బీ-3ని స్వరం స్వరం రికార్డు చేసిన శాంపిల్ లైబ్రరీలు ఉన్నాయి. ఉన్నదాన్నే రికార్డు చేశాక అంతకన్నా అసలైనది ఏముంటుంది?

సీసం_పొగ, ఉదయం 8:15

శాంపిల్_సంచి గారూ, పియానోకైతే మీ మాట నిజం. ఆర్గన్ దగ్గరే చిక్కు వస్తుంది. తొమ్మిది డ్రాబార్లు, ఒక్కోదానికి 0 నుంచి 8 దాకా తొమ్మిది స్థానాలు. మొత్తం కలయికలు 38,74,20,489. అన్నీ రికార్డు చేయలేం కాబట్టి ఒక్కో డ్రాబార్‌ని విడిగా రికార్డు చేసి కలుపుతారు. సరే. అప్పుడు పది వేళ్ళతో పది మెట్లు నొక్కితే 90 శాంపిళ్ళు ఒకేసారి మోగాలి. అదీ ఇప్పటి కంప్యూటర్‌కి కష్టమేమీ కాదు.

కష్టం ఇంకోచోట ఉంది. బీ-3లో శబ్దం పుట్టించే చక్రాలు 91 మాత్రమే. ఒక మెట్టుకి 4 అడుగుల డ్రాబార్ ఏ చక్రాన్ని వాడుతుందో, దానికి ఒక ఆక్టేవ్ పైనున్న మెట్టుకి 8 అడుగుల డ్రాబార్ కూడా అదే చక్రాన్ని వాడుతుంది. రెండు మెట్లూ కలిపి నొక్కినా చక్రం ఒకటే, తరంగం ఒకటే, ఫేజ్ (తరంగం ఏ ఎత్తులో ఉందన్నది) ఒకటే. శాంపిళ్ళలో అవి రెండు వేర్వేరు రికార్డింగులు. ఒక్కోసారి ఒకదాన్నొకటి మింగేస్తాయి, ఒక్కోసారి రెట్టింపవుతాయి. పెద్ద కార్డు పట్టినప్పుడు శాంపిల్ ఆర్గన్ మసకగా వినిపించడానికి ఇది ఒక కారణం.

పైగా చక్రాలు ఆగవు. మోటార్ ఆన్ చేసిన దగ్గర్నుంచీ 91 చక్రాలూ తిరుగుతూనే ఉంటాయి. మెట్టు చేసే పనల్లా తలుపు తెరవడమే. తరంగం ఏ ఎత్తులో ఉండగా తలుపు తెరుచుకుంటే అక్కడినుంచే శబ్దం మొదలవుతుంది, ఆ తెగిన అంచే మనకి క్లిక్‌లా వినిపిస్తుంది. తొమ్మిది కాంటాక్టులూ ఒకేసారి తగలవు, కొంచెం ముందూ వెనకా తగులుతాయి. కాబట్టి ఏ రెండు క్లిక్కులూ ఒకలా ఉండవు. శాంపిల్‌లో ఒకే క్లిక్ మళ్ళీ మళ్ళీ వస్తుంది, చెవి దాన్ని ఇట్టే పట్టేస్తుంది.

కార్స్టెన్ మేయర్ రూపొందించిన హెచ్‌ఎక్స్3 బోర్డు నాకు నచ్చేది ఇందుకే. అందులో ఒక ఎఫ్‌పీజీఏ చిప్ (కావలసిన సర్క్యూట్ లోపల రాసుకోగల చిప్) చక్రాలన్నిటినీ ఎప్పుడూ లెక్కగడుతూనే ఉంటుంది, మెట్లు నొక్కినా నొక్కకపోయినా. అసలు యంత్రం నడిచే పద్ధతే అది.

శాంపిల్_సంచి, ఉదయం 8:50

చక్రం పంచుకునే సంగతి నేను ఆలోచించలేదు. సాయంత్రం నా లైబ్రరీలో ఆక్టేవ్ తేడాతో రెండు మెట్లు పట్టి చూస్తాను.

కాంబో_ప్రియ, ఉదయం 10:20

చర్చ టోన్‌వీల్ చుట్టూనే తిరుగుతోంది కాబట్టి అడుగుతున్నాను. 1962లో వచ్చిన వాక్స్ కాంటినెంటల్, ఆ తర్వాత వచ్చిన ఫార్ఫీసా కాంపాక్ట్ లాంటి ట్రాన్సిస్టర్ ఆర్గన్‌లు నాకు ప్రాణం. ఆ గీరుకుపోయే శబ్దం కోసం చిన్న మాడ్యూల్ సొంతంగా కట్టుకోవడం సాధ్యమేనా? సోల్డరింగ్ వచ్చు, ప్రోగ్రామింగ్ కొంచెం వచ్చు.

సీసం_పొగ, ఉదయం 11:45

చాలా సాధ్యం. టోన్‌వీల్ కన్నా ఎంతో సులువు కూడా.

కాంటినెంటల్‌లో పన్నెండు స్వరాలకి పన్నెండు ఆసిలేటర్లు. పై ఆక్టేవ్ అక్కడ పుడుతుంది. దాన్ని రెండుతో భాగించుకుంటూ పోతే కింది ఆక్టేవ్‌లన్నీ వచ్చేస్తాయి. తర్వాతి రోజుల ఆర్గన్‌లలో ఆ పన్నెండింటి బదులు ఒక్క చిప్ వచ్చింది. ఎంకే50240 అలాంటిదే. 2 మెగాహెర్ట్జ్ క్లాక్‌ని 239 నుంచి 478 దాకా ఉన్న పదమూడు అంకెలతో భాగించి పై ఆక్టేవ్ స్వరాలన్నీ ఇస్తుంది. ఆ చిప్పులు ఇప్పుడు దొరకడం కష్టం, కానీ చేసేది భాగహారమే కాబట్టి చిన్న మైక్రోకంట్రోలర్ కూడా దాని స్థానంలో కూర్చోగలదు. మూలపడిన ఆర్గన్‌లని చాలామంది అలాగే బతికించుకుంటున్నారు.

ఒక జాగ్రత్త. మీకు కావలసింది కాంటినెంటల్ అయితే ఒకే క్లాక్ నుంచి అన్నీ తీయకండి. పన్నెండు ఆసిలేటర్లు దేనికదే శ్రుతి చేసినవి, ఎప్పుడూ కొంచెం తేడాగానే ఉంటాయి. కోడ్‌లో పన్నెండింటినీ వేరుగా రాసి, ఒక్కోదాన్ని ఒకటి రెండు సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) పక్కకి జరపండి. ఆక్టేవ్‌లు మాత్రం ఒకదానికొకటి కట్టేసినట్టు ఉండాలి, ఎందుకంటే అవి భాగహారంతో వచ్చినవి. కార్డులో కొంచెం కదలిక, ఆక్టేవ్‌లో రాయిలా స్థిరం, ఆ శబ్దం గుట్టు ఇదే. డ్రాబార్లలో 16, 8, 4 అడుగులు, ఒక మిక్స్చర్ (పై స్వరాల కలయిక) ఉంటాయి. మిగిలిన రెండూ మెత్తటి స్వరానికీ కరుకు స్వరానికీ. మీ సమయమంతా ఆ రెండింటి ఫిల్టర్ల మీద పెట్టండి.

కాంబో_ప్రియ, మధ్యాహ్నం 12:10

ఆక్టేవ్‌లు కట్టేసి కార్డుని వదిలేయడం! ఇన్నాళ్ళూ మొత్తానికి కోరస్ వేసి తప్పు చేస్తున్నాను. వేరే చర్చ మొదలుపెట్టి అక్కడ బోర్డు బొమ్మలు పెడతాను. చాలా చాలా థాంక్స్.

మెట్లమీద_వేళ్ళు, సాయంత్రం 6:35

పెడల్ మార్చాను అన్నా. ఒక్కసారిగా గదిలో ఇంకో వాద్యం ఉన్నట్టుంది! మెల్లగా తొక్కుతుంటే శబ్దం చిట్లడం నా కాలికి తెలుస్తోంది. చిన్నదే కానీ ఒక సమస్య ఉంది. ముందుకి తొక్కితే తగ్గుతోంది, వెనక్కి తెస్తే పెరుగుతోంది. కొద్ది దూరంలోనే అంతా జరిగిపోతోంది కూడా.

డ్రాబార్888, సాయంత్రం 6:50

అది పెడల్ పోలారిటీ. ఎక్స్‌ప్రెషన్ పెడల్ ప్లగ్‌లో కొన కనెక్షన్, మధ్య రింగ్ కనెక్షన్ ఒక్కో కంపెనీ ఒక్కోలా ఇస్తుంది. మాడ్యూల్ మెనూలో పెడల్ పోలారిటీ ఉంటే తిప్పండి. లేకపోతే ఆ రెండు తీగలు తారుమారు చేసే చిన్న అడాప్టర్ కేబుల్ చాలు. పోలారిటీ సరైతే దూరం కూడా సర్దుకుంటుంది. అలాగే కనిష్ఠ విలువ ఎక్కడైనా ఉంటే సున్నా కాకుండా కొంచెం పైన పెట్టండి. అసలు ఆర్గన్ పెడల్ పూర్తిగా వెనక్కి తెచ్చినా శబ్దం పూర్తిగా పోదు.

పాతపెట్టె_మెకానిక్, రాత్రి 10:30

ఇప్పుడు తిరిగే స్పీకర్ గురించి చెప్తాను. నా లెక్కలో మాడ్యూల్ నాణ్యత సగం ఇక్కడే తేలిపోతుంది.

డోనాల్డ్ లెస్లీ 1941లో ఆ స్పీకర్లు అమ్మడం మొదలుపెట్టాడు. 122లో శబ్దాన్ని 800 హెర్ట్జ్ దగ్గర రెండుగా విడగొడతారు. పైది తిరిగే హారన్‌లోకి, కిందిది తిరిగే డ్రమ్‌లోకి. హారన్‌కి రెండు నోళ్ళు కనిపిస్తాయి కానీ శబ్దం వచ్చేది ఒకదాన్నుంచే, రెండోది బరువు సరితూగడానికి. హారన్, డ్రమ్ ఎదురెదురు దిక్కుల్లో తిరుగుతాయి. హారన్ స్లోలో నిమిషానికి దాదాపు 48 చుట్లు, ఫాస్ట్‌లో దాదాపు 400. డ్రమ్ ఎప్పుడూ దానికన్నా కొంచెం నిదానం.

ప్రాణం ఉన్నది ఆ రెండు వేగాల మధ్య. స్విచ్ వేయగానే తేలిక హారన్ ఒక సెకనులోనే అందుకుంటుంది. బరువైన డ్రమ్ ఇంకా ఈడ్చుకుంటూ వస్తుంటుంది. ఆ నాలుగైదు సెకన్లు పైశబ్దం ఒక వేగం, కిందిశబ్దం ఇంకో వేగం. నువ్వు ఎప్పుడూ ఫాస్ట్‌లోనే ఉంచితే ఆ క్షణాలు నీకు దొరకనే దొరకవు. కార్డులు పట్టేటప్పుడు స్లోలో ఉంచు. వాక్యం చివరి స్వరం పట్టుకుని ఫాస్ట్‌కి వెయ్, ఊపిరి తీసుకునేలోగా వెనక్కి తీసుకురా. ఎడమచేతికి అందేలా కంట్రోలర్ మీద ఒక బటన్ దీనికే కేటాయించు. నేల మీద స్విచ్ కన్నా చేతి దగ్గరి స్విచ్ మేలని నా అనుభవం.

మాడ్యూల్‌లో హారన్, డ్రమ్ సమయాలు విడిగా మార్చే వీలుందేమో చూడు. లేకుండా రెండూ కలిసి వేగం పెంచుకుంటుంటే, దాని ఎఫెక్ట్ ఆపేసి విడిగా దొరికే రోటరీ పెడల్ పెట్టుకో. నియో ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ వెంటిలేటర్ ఆ 122ని అనుకరించిందే. పాత వోస్ కంపెనీ ఆర్గన్ మాడ్యూళ్ళకి దాన్ని తగిలించి వాడేవాళ్ళు ఉన్నారు, చాలా బాగుంటుంది.

ఒకే స్పీకర్ అన్నావు. స్టీరియో ఎఫెక్ట్‌లో ఎడమవైపు మాత్రమే తీస్తే సగం చిత్రమే వస్తుంది. అవుట్‌పుట్ మోనో అని సెట్టింగ్ ఉంటే అది పెట్టు. వీలైతే రెండు స్పీకర్లు.

శాంపిల్_సంచి, రాత్రి 11:15

సీసం_పొగ గారూ, చూశాను. మీరు చెప్పింది నిజమే. మధ్య సి మెట్టుకి 4 అడుగులు, పై సి మెట్టుకి 8 అడుగులు పెట్టి పదిసార్లు నొక్కాను. పదిసార్లలో మూడుసార్లు శబ్దం బాగా పలచబడింది. చర్చిలో రికార్డు చేసే గొట్టాల ఆర్గన్‌కి శాంపిళ్ళే సరైన దారి అని ఇప్పటికీ అంటాను, అక్కడ ప్రతి గొట్టం దేనికదే. టోన్‌వీల్‌కి మాత్రం నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కొనకముందే ప్రయత్నించడానికి ఏమైనా ఉందా?

సీసం_పొగ, మర్నాడు ఉదయం 7:05

ఉంది. సెట్‌బీఫ్రీ అనే ఉచిత ప్రోగ్రామ్, సోర్స్ కోడ్‌తో సహా దొరుకుతుంది. చక్రాలు, వైబ్రాటో స్కానర్, లెస్లీ అన్నీ లెక్కలతోనే పుట్టిస్తుంది. చిన్న బోర్డు కంప్యూటర్‌లో వేస్తే మీకు సొంత మాడ్యూల్ తయారైనట్టే. తర్వాత కొనాలనిపిస్తే రోలాండ్ వీకే-8ఎం, ఫెర్రోఫిష్ బీ4000+, జీఎస్ఐ జెమిని ఒక్కోటీ విని చూడండి, ఒక్కోదాని గొంతు ఒక్కోలా ఉంటుంది. నా ఓటు మాత్రం డ్రాబార్లు మీదే ఉన్న వాటికి. మెనూలోకి వెళ్ళి డ్రాబార్ లాగడం ఆర్గన్ వాయించడం కాదు.

ఏ మాడ్యూల్ దగ్గరికి వెళ్ళినా ఒక పరీక్ష చేయండి. 1 అడుగు డ్రాబార్ ఒక్కటే లాగి, పర్కషన్ ఆపి, కింది సి నుంచి ఒక్కో మెట్టూ పైకి నొక్కుతూ వెళ్ళండి. 43వ మెట్టు దాకా స్వరం పైకి వెళ్తుంది. 44వ మెట్టు దగ్గర హఠాత్తుగా ఒక ఆక్టేవ్ కిందకి దిగాలి. 91 చక్రాలతో అసలు యంత్రం అక్కడికి అయిపోతుంది, కింది ఆక్టేవ్ చక్రాలనే మళ్ళీ వాడుకుంటుంది. అలా దిగకుండా పైపైకి వెళ్ళిపోతే ఆ మాడ్యూల్ వాళ్ళు అసలు ఆర్గన్ లోపల చూడలేదని అర్థం.

శ్రుతి పరీక్ష కూడా చేయొచ్చు. మోటార్ నిమిషానికి 1200 చుట్లు. పళ్ళ చక్రాల నిష్పత్తులతో ఎ స్వరం సరిగ్గా 440 దగ్గరే పడుతుంది. మధ్య సి మాత్రం 261.63 కావలసింది 261.54 వస్తుంది. ఇంత చిన్న తేడా విడిగా ఎవరికీ వినపడదు, పెద్ద కార్డులో మాత్రం ఆ అల్లుకునే తీరు మారుతుంది.

డ్రాబార్888, ఉదయం 9:00

మిడి గురించి ఒక మాట కలుపుతాను, మెట్లమీద_వేళ్ళు గారికి పనికొస్తుంది. అయిదు పిన్నుల మిడి తీగలో ఒక నోట్ సందేశానికి 0.96 మిల్లీసెకన్లు పడుతుంది. పది స్వరాల కార్డు అంటే దాదాపు పది మిల్లీసెకన్లు. అరచేత్తో మెట్ల మీద తుడిచినప్పుడు సందేశాలు వరసలో నిలబడతాయి. అప్పుడే తొమ్మిది డ్రాబార్లూ కదిపితే ఇంకా ఆలస్యం. మీ మాడ్యూల్‌కి యూఎస్‌బీ ఉంటే అది వాడండి. కంట్రోలర్‌లో పై కాంటాక్టు దగ్గరే స్వరం మొదలయ్యే సెట్టింగ్ ఉంటే అది కూడా పెట్టండి, సగం నొక్కగానే పలుకుతుంది. ఆర్గన్ మెట్లు అలాగే ఉంటాయి.

మెట్లమీద_వేళ్ళు, రెండు రోజుల తర్వాత, రాత్రి 10:45

యూఎస్‌బీ లేదు, కానీ పై కాంటాక్టు సెట్టింగ్ నా కంట్రోలర్‌లో దొరికింది. పెడల్ పోలారిటీ మెనూలోనే ఉంది. 44వ మెట్టు పరీక్ష చేశాను, ఒక ఆక్టేవ్ దిగింది! ఆ క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను, నా డబ్బు వృథా కాలేదు. స్లో, ఫాస్ట్ బటన్ ఎడమ చేతి దగ్గర పెట్టుకున్నాను.

ఈ రోజు బృందంతో వాయించాను. గిటార్ అతను మధ్యలో ఆగి ఏం మార్చావని అడిగాడు. బేస్ వాయించే అమ్మాయి మాత్రం నా ఎడమచేయి తన మీద పడుతోందంటోంది. 888 అలాగే ఉంచాను. ఏది తగ్గించాలి?

పాతపెట్టె_మెకానిక్, రాత్రి 11:20

ఆ అమ్మాయి మాట విను. మొదటి డ్రాబార్ 16 అడుగులది, నువ్వు నొక్కిన దానికన్నా ఒక ఆక్టేవ్ కింద మోగుతుంది. సరిగ్గా బేస్ గిటార్ కూర్చునే చోటే. బృందంలో ఉన్నప్పుడు దాన్ని 4కి తెచ్చుకో, ఎడమచేత్తో మధ్య సి కిందికి పెద్దగా వెళ్ళకు. ఆమె వాయించని పాటలో మళ్ళీ 8కి లాగు. అప్పుడు మూడో డ్రాబార్‌ని 6కి తగ్గించి చూడు, గొంతు గుండ్రంగా వస్తుంది.

మెట్లమీద_వేళ్ళు, రాత్రి 11:28

రేపు సాయంత్రం మళ్ళీ కూర్చుంటున్నాం అన్నా. 488తో మొదలుపెడతాను.